మిద్దె మీద పార్స్లీ: తిరుపతి ఎండల్లో వేళ్ళను చల్లగా ఉంచి పెంచే పద్ధతి

కొత్తిమీరను పోలిన ఆకుకూర పార్స్లీని నేను మొదటిసారి వేసింది ఉగాది మరునాడు. విత్తనాల పొట్లం మీద వసంతకాలపు తొలి రోజుల్లో చల్లుకోవాలని రాసి ఉంది. మనకు వసంతం చైత్రంతోనే కదా మొదలయ్యేది అనుకుని, మిద్దె మీద నాలుగు కుండీలలో గింజలు చల్లి, రెండు పూటలా నీళ్ళు పోస్తూ వచ్చాను. మూడు వారాలు గడిచినా మట్టిలో చలనం లేదు. పక్కింటి పెద్దావిడ పిట్టగోడ మీదుగా చూసి, "ఏం నాయనా, కొత్తిమీరి మొలిచేదానికి ఇన్ని దినాలా? ధనియాలు నలగ్గొట్టకుండా ఏసినావా?" అని అడిగారు. నాలుగో వారంలో పదకొండు మొలకలు పైకి వచ్చాయి, భరణి కార్తె ఎండలకు ఐదు రోజుల్లో పదకొండూ మాడిపోయాయి. పొట్లం మీద రాసిన వసంతం మంచు కరిగే దేశాల వసంతమనీ, ఆ చల్లదనం మన తిరుపతిలో కార్తీక మార్గశిరాలకు గాని దొరకదనీ అర్థం కావడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

ఆ తరువాత వరుసగా కొన్ని శీతకాలాలు ఈ మొక్కను పెంచి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. పార్స్లీ తలకు తగిలే ఎండను కొంతవరకు ఓర్చుకుంటుంది గాని, కాళ్ళు కాలితే మాత్రం ఓర్చుకోదు. గాలిలో వేడి 34, 35 డిగ్రీలు ఉన్నా వేరు దగ్గర మట్టి చల్లగా, తడిగా ఉంటే మొక్క నెమ్మదిగానైనా ఆకు వేస్తూనే ఉంటుంది. మట్టి వేడెక్కితే పైన ఎంత మంచి నీడ కట్టినా లేత ఆకుల అంచులు ఎండి, మొక్క ముడుచుకుపోతుంది. విత్తనం నానబెట్టడం దగ్గర నుంచి వేసవిలో కుండీని కిందికి దించడం వరకు ఈ మార్గదర్శిలో చెప్పబోయే పనులన్నీ మట్టిని చల్లగా ఉంచడానికి చేసేవే.

మొక్క స్వభావం

పార్స్లీ కొత్తిమీర, క్యారెట్, వాము, సోంపు, జీలకర్ర ఉన్న కుటుంబానికే చెందిన మొక్క. దీని శాస్త్రీయ నామం పెట్రోసెలినమ్ క్రిస్పమ్. రూపంలో కొత్తిమీరకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, సాదా ఆకు రకాన్ని చూసిన ఎవరైనా ముందు కొత్తిమీరే అనుకుంటారు; ఆకును వేళ్ళ మధ్య నలిపి వాసన చూస్తే గాని తేడా తెలియదు. నడవడికలో మాత్రం రెండింటికీ పోలిక తక్కువ. కొత్తిమీర వారం పది రోజుల్లో మొలిచి, నెలన్నరలో కోతకు వచ్చి, ఎండ ముదిరితే పూతకు వెళ్ళిపోతుంది. పార్స్లీ మొలవడానికే మూడు, నాలుగు వారాలు తీసుకుంటుంది, విత్తిన 70 నుంచి 90 రోజులకు గాని మొదటి కోత ఇవ్వదు. కానీ ఒకసారి నిలదొక్కుకుంటే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు. ఇది ద్వైవార్షిక మొక్క, అంటే మొదటి ఏడాది ఆకు, వేరు పెంచుకుని, చలికాలం గడిచాక రెండో ఏడాది పూతకు వచ్చే జాతి. పూతకు కావలసిన గట్టి చలి తిరుపతిలో పడదు కాబట్టి మన దగ్గర పార్స్లీకి పూత బెడద పెద్దగా ఉండదు, వేసవే దానికి ముగింపు పలుకుతుంది.

రకాలలో ముడుతల ఆకుది, సాదా ఆకుది అని ప్రధానంగా రెండున్నాయి. వేరు కోసం పెంచేది మరొకటి ఉంది, దాని జోలికి ఇక్కడ పోనవసరం లేదు. ముడుతల రకం కుండీలో చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, నవంబరు వానలకు ఆ ముడుతలలో నీరు, బురద చిందులు నిలిచి ఆకు కుళ్ళుతుంది, ఎండాకాలంలో అవే ముడుతలు నల్లికి, పేనుబంకకు ఇళ్ళవుతాయి. రుచి, వాసన కూడా సాదా ఆకులోనే ఎక్కువ. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు ఇటాలియన్ పార్స్లీ అని అమ్మే సాదా ఆకు రకాన్నే తీసుకోవాలని నా సలహా.

ఎప్పుడు విత్తాలి

తిరుపతికి నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అసలైన వానాకాలం నడుస్తుంది. పార్స్లీ క్యాలెండరును ఈ వానకు అనుగుణంగానే వేసుకోవాలి. హస్త కార్తె చివరిలో గాని, చిత్త కార్తెలో గాని, అంటే అక్టోబరు మొదటి మూడు వారాలలో, వాన తగలని వరండాలో ట్రేలలో విత్తాలి. నవంబరు రెండో సగానికి మొలకలు నాటే దశకు వస్తాయి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మొక్క ఏపుగా పెరుగుతుంది. డిసెంబరు చివర లేదా సంక్రాంతి నాటికి మొదటి కోత దొరుకుతుంది, జాగ్రత్తగా చూసుకుంటే ఏప్రిల్ మధ్య వరకు ఆకుకు కొరత ఉండదు.

సెప్టెంబరులోనే తొందరపడితే మట్టి వేడికి మొలక శాతం పడిపోతుంది. డిసెంబరు దాటాక వేస్తే మొలకలు బాగానే వస్తాయి గాని, వేరు లోతుకు దిగేలోపే మార్చి ఎండలు మీద పడతాయి. చిత్తూరు పట్టణం తిరుపతి కంటే కొంత ఎత్తులో ఉంది కాబట్టి అక్కడివారు ఒక వారం ముందుగా మొదలుపెట్టవచ్చు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పీఠభూమి ప్రాంతం వారి సంగతి వేరు, వారి గురించి చివరిలో చెబుతాను.

విత్తనం మొలిపించడం

ఎక్కువ మంది ఓడిపోయేది ఈ దశలోనే, అందుకని దీనిని వివరంగా చెప్పవలసి ఉంది.

పార్స్లీ విత్తనం వాము గింజ కంటే కాస్త పెద్దగా, ఒక పక్క వంపు తిరిగి, నిలువు గీతలతో ఉంటుంది. ధనియంలో రెండు బద్దలు కలిసి గుండ్రంగా ఉంటాయి, అందుకే దానిని నలిపి చల్లుతాం. పార్స్లీ కాయ ఎండేటప్పుడే రెండుగా విడిపోతుంది కాబట్టి పొట్లంలో మన చేతికి వచ్చేది అప్పటికే బద్ద. దానిని మళ్ళీ నలిపితే లోపలి పిండం చితికిపోతుంది. పెద్దావిడ సలహాను నేను రెండో ఏడాది గౌరవంతో పాటించి, ఆ ఏడాది విత్తనాలన్నీ పాడుచేసుకున్న తరువాత తెలుసుకున్న సంగతి ఇది.

ఈ విత్తనానికి ఆయుష్షు తక్కువ. ఒక ఏడాది నిలవ ఉంటేనే మొలక తగ్గుతుంది, రెండేళ్ళు దాటితే నమ్మలేం. ఎండ తగిలే అరలో వేసవంతా పడి ఉన్న పొట్లాన్ని ఒకసారి నేను తేదీ చూడకుండా కొనుక్కొచ్చాను. వంద గింజలకు ఆరు మొలిచాయి. పొట్లం వెనుక ప్యాక్ చేసిన నెల చూసి, అదే ఏడాదిది అయితేనే తీసుకోవాలి.

విత్తనం పొట్టులో మొలకను ఆపే సహజ రసాయనాలు ఉంటాయి, నానబెట్టి కడిగితే అవి కొంతవరకు పోతాయి. గోరువెచ్చని నీటిలో గింజలు వేసి 24 గంటలు ఉంచాలి, మధ్యలో రెండు మూడు సార్లు నీరు వంపి కొత్త నీరు పోయాలి. మొదటిసారి వంపిన నీరు లేత టీ రంగులో ఉండి, సోంపు నానబెట్టిన వాసన వేస్తుంది, మూడోసారికి దాదాపు తేటగా వస్తుంది. తరువాత గింజలను నూలు గుడ్డ మీద పరిచి, చేతికి అంటుకోనంత వరకు నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి.

ట్రేలో కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్ళలో కలిపి నింపాలి. మార్కెట్లో దొరికే కొబ్బరి పొట్టు ఇటుకలో ఉప్పు ఉండే అవకాశం ఉంది కాబట్టి, నానబెట్టి రెండుసార్లు మంచినీటితో కడిగి పిండి వాడాలి. గింజను అర సెంటీమీటరు కంటే లోతుకు దించకూడదు. ట్రేలోని ఒక్కో గడికి మూడు గింజలు వేసి, పైన జల్లించిన పొట్టును పలుచగా చల్లి, అరచేతితో మెల్లగా అదమాలి.

అసలు కిటుకు దీని తరువాత ఉంది. పార్స్లీ మొలవడానికి మట్టి వేడి 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండటం శ్రేష్ఠం, 30 దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. అక్టోబరులో తిరుపతి ఇళ్ళలో పగలు గది వేడే ఆ 30 దగ్గర ఉంటుంది. మన చలివేంద్రాలలో ఇసుక పోసి, తడిపి, దాని మీద కుండలు పెడతారు కదా, అదే ఉపాయం ట్రేకి కూడా పనికొస్తుంది. వెడల్పాటి పళ్ళెంలో రెండంగుళాల ఇసుక పోసి తడిపి, దాని మీద ట్రేను ఉంచి, పైన తడి గోనె సంచి కప్పి, గాలి ఆడే తూర్పు వరండాలో నేల మీద పెట్టాలి. సంచి ఆరినప్పుడల్లా నీళ్ళు చిలకరించాలి. నీరు ఆవిరి అవుతూ ట్రేలోని వేడిని లాక్కుంటుంది. ముసురు పట్టిన రోజున గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆవిరి తగ్గి ఈ ఉపాయం అంతగా పనిచేయదు, అయితే ఆ రోజు ఎండ ఉండదు కనుక దాని అవసరమూ ఉండదు.

పన్నెండో రోజు నుంచి రోజూ ఉదయం సంచి ఎత్తి చూడాలి. తెల్లటి కాడ వంపు తిరిగి మట్టిని నెట్టుకొస్తూ ఒక్కటి కనబడినా, ఆ రోజే సంచి తీసివేయాలి. రెండు రోజులు ఆలస్యం చేస్తే మొలకలు దారాలలాగా సాగి పడిపోతాయి. మొదట వచ్చే రెండు ఆకులు సన్నగా, పొడుగ్గా గడ్డిపోచల్లా ఉంటాయి, వాటిని కలుపు అనుకుని పీకేయకూడదు. మూడు పాయలుగా చీలిన అసలు ఆకు ఆ తరువాత వస్తుంది. అన్నీ ఒకేసారి మొలవవు, మొదటి మొలకకూ చివరి మొలకకూ మధ్య పదిహేను రోజుల తేడా ఉండవచ్చు. నాలుగు వారాలు నిండేదాకా ట్రేను పారబోయవద్దు.

ఈ దశలో భయపడవలసింది నారుకుళ్ళు తెగులుకు. మొలక మొదలు నీటిలో నానినట్టు నల్లబడి, నిలబడిన మొక్క నిలబడినట్టే వాలిపోతుంది. పొట్టులో కాస్త ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలుచేసే శిలీంధ్రం) ముందే కలపడం, పైనుంచి పోయకుండా ట్రే అడుగు నుంచి తడి పీల్చుకునేలా నీరు పెట్టడం, గాలి ఆడనివ్వడం, ఈ మూడింటితో చాలావరకు తప్పించుకోవచ్చు.

కుండీ, మట్టి

పార్స్లీది క్యారెట్ మాదిరి నిలువుగా దిగే తల్లివేరు. కుండీ లోతు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 30 ఉంటే మేలు. నల్ల ప్లాస్టిక్ కుండీలు, నల్ల గ్రో బ్యాగులు మిద్దె మీద వాడకపోవడం ఉత్తమం. ఎండ నేరుగా తగిలే పక్కన వాటిలోని మట్టి బయటి గాలి కంటే పది డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. ఒక మార్చి మధ్యాహ్నం మూడు గంటలకు నా నల్ల సంచిలో పడమటి పక్కన వేలు గుచ్చితే, పట్టుమని పది లెక్కపెట్టే వరకు కూడా ఉంచలేకపోయాను. అదే సంచి తూర్పు పక్కన మట్టి గోరువెచ్చగా ఉంది. మొక్కను పీకి చూస్తే పడమటి వైపు సన్న వేళ్ళన్నీ గోధుమరంగుకు తిరిగి, తూర్పు వైపువి మాత్రమే తెల్లగా మిగిలి ఉన్నాయి.

మట్టి కుండీ గోడల గుండా తేమ ఆవిరవుతూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది. దానికి నీళ్ళు ఎక్కువ తాగే గుణం ఉన్నా, ఈ పంటకు నా ఓటు మట్టి కుండీకే. ఇంకా మంచి ఏర్పాటు కావాలంటే, ఒక పెద్ద సిమెంటు తొట్టిలో మట్టి కుండీని దించి, రెండింటి మధ్య సందును ఇసుకతో నింపి, ఆ ఇసుకను రోజూ తడపాలి. ప్లాస్టిక్ సంచులే ఉన్నవారు వాటికి గోనె సంచి చుట్టి, లేదా బయట సున్నం పూసి, పడమటి పక్కన తెల్లటి పలక ఏదైనా అడ్డం పెట్టుకోవచ్చు. కుండీలను కాంక్రీటు మీద నేరుగా పెట్టకుండా రెండేసి ఇటుకల మీద ఎత్తిపెడితే అడుగు వేడి తగలదు, వాన నీరు కూడా పోతుంది.

మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే ఎండినప్పుడు గట్టిపడి తల్లివేరును దిగనివ్వదు. ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు గాని వర్మీ కంపోస్టు గాని మూడు పాళ్ళు, కడిగిన కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు కలిపి, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి చేర్చితే సరిపోతుంది. మాగని పేడ వేస్తే అదే లోపల వేడి పుట్టిస్తుంది. మట్టి ఉదజని సూచిక (pH, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత) 6 నుంచి 7 మధ్య ఉండటం మంచిది. అనుమానం ఉన్నవారు దగ్గరలోని భూసార పరీక్షా కేంద్రంలో మట్టినీ, బోరు నీటినీ ఒకసారి పరీక్ష చేయించుకుంటే తరువాత ఊహించుకునే పని ఉండదు.

నాటడం

మొలకకు రెండు, మూడు అసలు ఆకులు రాగానే, అంటే మొలిచిన నాలుగు వారాల లోపే నాటాలి. అంతకు మించి ట్రేలో ఉంచితే తల్లివేరు అడుగున మడతపడి, తరువాత ఎన్ని పోషణలు చేసినా మొక్క కోలుకోదు. సాయంత్రం పూట, గడిలోని మట్టి ముద్దతో సహా తీసి, కాడలన్నీ కలిసే మొదలు మట్టిలో కూరుకుపోకుండా నాటాలి. మొక్కకు మొక్కకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, 30 సెంటీమీటర్ల కుండీలో మూడు మొక్కలు హాయిగా పెరుగుతాయి.

ఇది వాయుగుండాల కాలమని మరచిపోకూడదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మిద్దెల మీది కుండీలలో కూడా రోజుల తరబడి నీరు నిలిచి మొక్కలు మొదలుకుళ్ళు పట్టాయి. కుండీ అడుగు రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా పెంకులు వేసుకోవడం, తుపాను సూచన వినగానే కుండీలను సన్‌షేడ్ కిందికి జరపడం తప్పనిసరి.

నాటిన పది రోజులకు మట్టి మీద రెండంగుళాల మందాన కప్పు పరచాలి. మన జిల్లాలో దీనికి శనక్కాయల పొట్టును మించినది లేదు. మిల్లుల దగ్గర తేలికగా దొరుకుతుంది, గాలికి ఎగిరిపోదు, తడిని పట్టి ఉంచుతుంది, ఏడాదికి మురిగి ఎరువవుతుంది. పొట్టులో పప్పు ముక్కలు లేకుండా చెరిగి వేయాలి, లేకపోతే ఎలుకలు, ఉడతలు రాత్రికి రాత్రే కుండీని తవ్విపోస్తాయి. మొక్క మొదలు చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ వదలాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ వారనున్న ఇళ్ళవారికి కోతుల సంగతి నేను చెప్పనవసరం లేదు, వారు కుండీల మీద వల బిగించుకోక తప్పదు.

నీరు

నీటి విషయంలో పరిమాణం కంటే గుణం, వేళ ముఖ్యం. మన బోరు నీటిలో చాలాచోట్ల లవణాలు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడుతున్నదంటే అదే కారణం. పార్స్లీకి ఉప్పు పేరుకుంటే ఆకు కొసలు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి, దానిని చూసి ఎండ దెబ్బ అనుకుని ఇంకా ఎక్కువ బోరు నీరు పోసేవారున్నారు. కల్యాణి డ్యాం నీరో, తెలుగు గంగ నీరో కుళాయిలో వచ్చే ఇళ్ళవారు ఆ నీటినే వాడుకోవాలి. వాన నీరు పట్టుకోగలిగితే అంతకంటే మేలు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ట్రేలలోని మొలకలకు అది బాగా పనికొస్తుంది. ఆర్ఓ యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం పోయకూడదు, ఎందుకంటే వడకట్టిన లవణాలన్నీ దానిలోనే చిక్కబడి ఉంటాయి. బోరు నీరు తప్ప గతి లేనివారు పదిహేను రోజులకోసారి మామూలు కంటే రెట్టింపు నీరు పోసి, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారనిస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

నీరు సూర్యోదయానికి ముందు పోయాలి. మిద్దె మీద నల్ల ట్యాంకులో, పైపులో నిలిచిన నీరు మార్చి నెలలో మధ్యాహ్నానికి స్నానం చేసేంత వేడిగా ఉంటుంది, దానిని సాయంత్రం ఐదింటికి వాడిపోయిన మొక్క మీద జాలిపడి పోస్తే వేరును మనమే ఉడకబెట్టినట్టు. సాయంత్రం పోయవలసి వస్తే పైపులోని మొదటి నీటిని పక్కకు వదిలి, చేతికి చల్లగా తగిలిన తరువాతనే కుండీకి పెట్టాలి. డిసెంబరు, జనవరిలో రెండు రోజులకోసారి, ఫిబ్రవరి చివర నుంచి రోజూ, ఏప్రిల్‌లో రెండు పూటలా అవసరమవుతుంది. అయినా లెక్క కంటే వేలు నమ్మదగినది: కప్పు పక్కకు జరిపి చూపుడు వేలును రెండో కణుపు వరకు గుచ్చితే తడి తగలాలి, మట్టి ముద్దగా అంటుకోకూడదు.

నీడ

డిసెంబరు, జనవరి నెలల్లో పూర్తి ఎండలోనే ఉంచాలి. ఆ రోజుల్లో నీడలో పెడితే కాడలు సాగి, ఆకు పలచబడి వాసన తగ్గుతుంది. మహాశివరాత్రి దాటిందంటే 50 శాతం షేడ్ నెట్ కట్టవలసిన సమయం వచ్చినట్టే. నెట్‌ను మొక్కల తలకు ఆనించి కాక, ఆరేడు అడుగుల ఎత్తున కట్టి, పడమటి వైపు నేల దాకా దించి, తూర్పు వైపు తెరిచి ఉంచాలి. ఉదయం పది గంటల వరకు వచ్చే ఎండ ఈ మొక్కకు చాలు. 75 శాతం నెట్‌లో మొక్క బతుకుతుంది గాని ఆకు రాదు.

ఎరువు, చీడపీడలు

ఆకు కోసం పెంచే మొక్క కాబట్టి నత్రజని కావాలి. వంద గ్రాముల వేరుశనగ చెక్కను లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, ఆ తేటను పది రెట్ల నీటిలో కలిపి పదిహేను రోజులకోసారి కుండీకి అర లీటరు పోస్తే చాలు. వాసనకు ఇంట్లోవారు ముక్కు మూసుకుంటారు, కాబట్టి మూత బిగించి ఉంచాలి. మార్చి తరువాత ఎరువు ఆపివేయాలి, వేడిలో వచ్చే లేత చిగుళ్ళు నిలవవు.

ముదురు ఆకులు పచ్చగానే ఉండి, లేత ఆకులు మాత్రం ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారితే అది ఇనుము లోపం. క్షార గుణం ఉన్న బోరు నీరు వాడే కుండీలలో తరచుగా కనబడుతుంది. మన వేరుశనగ రైతులు దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. పార్స్లీ ఆకు సున్నితం కాబట్టి నేను సగం మోతాదుతో, సాయంత్రం వేళ చల్లి, వారం రోజులు ఆ ఆకు కోయను.

పొడి గాలి మొదలయ్యాక ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు, అడుగున సన్నటి గూడు కనబడతాయి. తెల్లవారుజామున ఆకు అడుగు భాగాన్ని నీటి జల్లుతో వరుసగా మూడు నాలుగు రోజులు కడిగితే చాలావరకు తగ్గుతుంది. పేనుబంకకు, పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, ఎండ పూర్తిగా పోయాక చల్లాలి. తినే ఆకు మీద ఘాటైన పురుగుమందు కొట్టడం కంటే మొక్కను మొదలుకు కోసివేయడం నయం.

కోత

కొత్తిమీర లాగా వేళ్ళతో సహా పీకడం, లేదా పైనుంచి గుప్పెడు పట్టి కోయడం ఈ మొక్కకు పనికిరాదు. కొత్త ఆకు ఎప్పుడూ నడిమి నుంచి పుడుతుంది. అందువల్ల బయటి వరుసలోని పొడవాటి కాడలను మట్టికి దగ్గరగా కత్తెరతో కత్తిరించి, లోపలి ఐదారు కాడలను వదిలివేయాలి, ఒక్కసారిలో మొక్కలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. కాడను సగంలో తుంచి వదిలితే మిగిలిన మొద్దు కుళ్ళి తెగులును లోపలికి చేరుస్తుంది. పదునైన కత్తెర, ఉదయం వేళ, తడి లేని ఆకు, ఇవి ఉంటే చాలు.

కోసిన కాడలను గ్లాసు నీటిలో నిలబెట్టి, పైన పలుచటి సంచి కప్పి ఫ్రిజ్‌లో ఉంచితే వారం దాటి తాజాగా ఉంటుంది. ఎండబెడితే వాసన చాలావరకు పోతుంది. ఎక్కువగా ఉంటే సన్నగా తరిగి, కాస్త నూనెతో కలిపి ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోవడం మేలు. పార్స్లీలో విటమిన్ కె చాలా ఎక్కువ కాబట్టి, రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని రోజూ తినడం మొదలుపెట్టకూడదు. గర్భిణులు కూరలో చల్లుకున్నంత మేరకు పరవాలేదు గాని, కషాయాల వంటివి కాచుకుని తాగకూడదు.

వేసవి వచ్చినప్పుడు

ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి తిరుపతిలో నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. నా మాటగా చెప్పాలంటే, ఆరోగ్యంగా ఉన్న ఒకటి రెండు కుండీలను మాత్రం ఉంచుకుని, మిగిలిన వాటిని పూర్తిగా కోసుకుని వాడుకోవడం తెలివైన పని. ఉంచుకున్న వాటిని మిద్దె దించి, ఇంటి ఉత్తరం వైపు గోడ నీడలోనో, జామ చెట్టు కిందనో పెట్టి, బయటి కాడలు తీసివేసి, ఎరువు వేయకుండా మట్టిని తడిగా ఉంచుతూ పోవాలి. రోహిణి కార్తెలో అవి అరచేతిలో పట్టేంత చిన్నగా ముడుచుకుంటాయి, చచ్చినట్టే కనబడతాయి. నా దగ్గర సగానికి సగం నిజంగానే చచ్చాయి. బతికినవి ఆగస్టులో మళ్ళీ ఆకు వేశాయి గాని, ఆ ఆకు ముదురుగా, కాస్త చేదుగా ఉంది, అక్టోబరులో వేసిన కొత్త మొక్కలు వాటిని జనవరికల్లా దాటిపోయాయి.

పలమనేరు, కుప్పం, మదనపల్లె ప్రాంతాలలో ఈ కష్టం ఇంతగా లేదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పీఠభూమిలో రాత్రులు చల్లబడతాయి కాబట్టి నేల మీదే పెంచవచ్చు. మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మళ్ళు చేసి, బిందు సేద్యం పైపు పరచి, వరుసకు వరుసకు 30 సెంటీమీటర్ల ఎడంతో నాటుకోవాలి. నీడ కోసం అరటి వరుసకు తూర్పు పక్కన వేస్తే మధ్యాహ్నపు ఎండ తగలదు. అమ్ముకోవాలనుకునే రైతు బెంగళూరు దగ్గరే కదా అని ఎకరాలకు దిగకుండా, కొనేవారు ఎవరో ముందుగా మాట్లాడుకుని, రెండు మూడు సెంట్లతో మొదలుపెట్టడం క్షేమం. కోసిన ఆకు ఎండలో రెండు గంటలు ఉంటే వాడిపోయి ధర పలకదు.

పొట్లంలో విత్తనాలు మిగిలితే గాజు సీసాలో వేయాలి. వేయించి చల్లార్చిన బియ్యాన్ని గుడ్డలో మూటకట్టి తేమ పీల్చడానికి అదే సీసాలో ఉంచి, మూత బిగించి, కొన్న నెల కాగితం మీద రాసి అంటించి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోవాలి. మళ్ళీ చిత్త కార్తె రావడానికి ముందే ఇరవై గింజలు తడి గుడ్డలో చుట్టి పరీక్షించి, పది కంటే తక్కువ మొలిస్తే కొత్త పొట్లం కొనుక్కోవాలి.